చల్లదనం దొంగ

జమీ పోయినా దర్పం పోని మనిషి భద్రిరాజుగారు. ఆ ప్రాంతంలో మొట్టమొదటి ఫ్రిజ్ కొన్నది ఆయనే. వంటింట్లో పెడితే ఎవరు చూస్తారని దాన్ని సావిట్లో పెట్టించారు.

వారం గడిచినా అందులో నీళ్ళు గడ్డకట్టలేదు. రాజుగారు వంటమనిషి అచ్చియ్యమ్మ మీద విరుచుకుపడ్డారు.

"నేను చూడకుండా మాటిమాటికీ తలుపు తీసి చల్లదనమంతా పోగొడుతున్నావు! రేపటికి ఐసు కట్టకపోతే నీకిక్కడ పని లేదు."

"చిత్తం రాజుగారూ. ఫ్రిజ్‌కి తాళం వేసి, చెవి తమ మొలతాడుకే కట్టుకోండి. అప్పటికీ కట్టకపోతే తలుపు తీసిన దొంగ చేత నెల్లాళ్ళు పిండి రుబ్బించండి."

"ఎవరైనా సరే, రుబ్బిస్తాను!" అని ఆయన మీసం మెలేశారు.

మర్నాడు పొద్దుటి నుంచీ చూడ్డానికి వచ్చేవాళ్ళే. వచ్చిన ప్రతివాడికీ రాజుగారు తాళం తీసి, తలుపు బార్లా తెరిచి, "చూశావా, తియ్యగానే దీపం ఎలా వెలిగిందో!" అని చూపించారు. పురోహితుడైతే నమ్మకం కుదరక మూడుసార్లు తీయించాడు. సాయంత్రం చూస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది రాజుగారూ?" అంది అచ్చియ్యమ్మ వినయంగా.

రాజుగారు మొలతాడు తడుముకున్నారు.

తెల్లారేసరికి రుబ్బురోలు దగ్గర పీట వేసి ఉంది. పక్కనే గంగాళంలో నానిన మినప్పప్పు.

"కూర్చోండి రాజుగారూ. తమ చేతులకి పిండి ఉన్నంతసేపూ ఐసు దివ్యంగా కడుతుంది."