మరణాలు కొట్టేసిన ద్వాదశి

తుంగవరం అని ఒక రాజ్యం ఉండేది. పెద్దదేమీ కాదు. పొద్దున గుర్రమెక్కినవాడు సాయంత్రానికి అవతలి పొలిమేర దాటేవాడు. దాన్ని ఏలే వీరభూపతికి మాత్రం బిరుదులు ముప్పై ఆరు. భటులు వాటన్నిటినీ చదివి ముగించేసరికి, మొర పెట్టుకోవడానికి వచ్చినవాడు తాను ఎందుకు వచ్చాడో మరిచిపోయి, ఓ దండం పెట్టి వెళ్లిపోయేవాడు.

ఆ రాజ్యంలో తాతల నాటి ఆచారం ఒకటి ఉంది. ఏ తిథినాడు ఏం జరిగిందో, యుద్ధాలూ వరదలూ పుట్టుకలూ చావులూ అన్నీ ఒక పుస్తకంలో రాసి ఉంచేవారు. తిథికి ఒక పుట. రోజూ పొద్దున్నే కోట గుమ్మం దగ్గర ఆనాటి పుట చదివేవారు. చదివేది వల్లభయ్య. అతని తండ్రీ తాతా కూడా ఆ పనిలోనే బతికారు. సన్నగా, కాస్త వంగి నడిచే మనిషి. తాను నవ్వకుండా ఎదుటివాళ్లను నవ్వించేవాడు.

వీరభూపతి పట్టాభిషేకం జరిగింది మార్గశిర శుద్ధ ద్వాదశినాడు. దానికి ఇరవై ఏళ్లు నిండుతున్నాయని ఆ ఏడు ఘనంగా ఉత్సవం తలపెట్టారు. పొరుగు రాజుగారి తరఫున రాయబారి వస్తున్నాడు. అతని ముందు, నిండు సభలో, ఆనాటి పుట చదివించాలని రాజు ముచ్చటపడ్డాడు. ముందుగా దాన్ని ఆస్థాన పండితుడు విశ్వపతిశాస్త్రికి చూపించారు.

శాస్త్రి పైనుంచి కిందికి చూసి ముఖం చిట్లించాడు. ఆ పుటలో మూడు చావులు ఉన్నాయనీ, ప్రభువుల పట్టాభిషేకం వాటి కింద ఎక్కడో అడుగున ఉందనీ, శుభదినాన చావుమాట వినడం అమంగళమనీ చెప్పాడు.

రాజుకు కోపం వచ్చింది. ఆ పుటలో చావు సంగతి ఎక్కడున్నా కొట్టేయమన్నాడు. వాటి బదులు కొత్తగా ఒక్క అక్షరం కూడా చేర్చకూడదన్నాడు.

వల్లభయ్య చేతులు కట్టుకుని ఒక్క మనవి చేశాడు. వాటిలో ఒకటి కాలువ మేస్త్రీ యెల్లన చావు. అతని భార్య పోలమ్మ నలభై ఏళ్లుగా ఏటా ఆ తిథికి, ఆ రెండు ముక్కలు వినడానికే నడిచి వస్తుంది. ఆ ఒక్కటైనా ఉంచమన్నాడు.

"నా పట్టాభిషేకం రోజున మేస్త్రీ గొడవేమిటి?" అన్నాడు రాజు. చేతకాకపోతే పుస్తకం శాస్త్రికి అప్పగించి వెళ్లమన్నాడు.

ఇంటికి వచ్చి వల్లభయ్య చాలాసేపు ఆ పుట ముందు కూర్చున్నాడు. మూడు తరాల్లో ఎవరూ అందులో ఒక గీత కొట్టలేదు. కానీ తాను కాదంటే పుస్తకం శాస్త్రి చేతికి పోతుంది. రేపు మరో పుట, ఎల్లుండి ఇంకొకటి. చివరికి కలం తీసుకుని, రాజు చెప్పింది చెప్పినట్టే చేశాడు.

ద్వాదశినాడు సభ కిటకిటలాడింది. రాయబారి నరసింగమంత్రి రాజు పక్కనే కూర్చున్నాడు. పోలమ్మ వెనకెక్కడో స్తంభం దగ్గర నిలబడింది. వల్లభయ్య పుస్తకం తెరిచాడు.

"నరసభూపతులవారి కాలంలో ఇదే తిథినాడు కొండదొర గుండమనాయుడు ఏడువందల మందితో మన కోటను చుట్టుముట్టాడు. ప్రభువులు కత్తి దూసి ఎదురువెళ్లారు."

అక్కడ ఆగి, కింది వరసకు వేలు జరిపాడు.

"తర్వాత ఏమైంది?" అని అడిగాడు రాయబారి.

"ఇంతే ఉందండి. పుస్తకం ప్రకారం గుండమనాయుడు ఇంకా కోట బయటే ఉన్నాడు."

సభలో సన్నగా నవ్వులు లేచాయి. రాజు కనుబొమలు ముడిపడ్డాయి. వల్లభయ్య చదవడం ఆపలేదు.

"రామభూపతులవారి కాలంలో కాలువకు నీళ్లు వదిలారు. గట్టు విరిగింది. మేస్త్రీ యెల్లన అడ్డం పడి గండి పూడ్చాడు."

ఆ మాటకు అతను చమత్కారమేదీ జోడించలేదు. వెనకనుంచి పోలమ్మ, తనకు కంఠతా వచ్చిన మిగతా వాక్యం మెల్లగా చెప్పుకుంది. "ఊరికి నీళ్లొచ్చాయి. యెల్లన రాలేదు." సభ నిశ్శబ్దంగా ఉండడంతో అందరికీ వినిపించింది.

"రామభూపతులవారు తొమ్మిది రోజులుగా జ్వరంతో ఉన్నారు. అదే సాయంత్రం కుమారుడు వీరభూపతులవారు సింహాసనమెక్కారు." వల్లభయ్య పుస్తకం మూశాడు.

రాయబారి తల పండిన మనిషి. సంగతి గ్రహించి శాస్త్రివైపు తిరిగి, తండ్రి బతికుండగా కొడుకు తనంతట తాను సింహాసనమెక్కితే శాస్త్రం ఏమంటుందని అడిగాడు.

"రాజద్రోహం అంటుంది," అని చెప్పి, శాస్త్రి నాలుక కరుచుకున్నాడు.

"అయితే మా ప్రభువులు పంపిన లేఖ ఎవరికి ఇవ్వమంటారు?"

"పుస్తకం ప్రకారమైతే పెద్దప్రభువులకే ఇవ్వాలి," అన్నాడు వల్లభయ్య. "వారెక్కడున్నారో చెప్పే మాటలు మొన్న నా చేత్తోనే కొట్టేశాను."

రాజు గద్దె మీద ముందుకు వంగాడు. "నా ఆజ్ఞ తప్పావా?"

"లేదు ప్రభూ. మీరు కొట్టేయమన్నవే కొట్టేశాను. ఒక్క అక్షరం చేర్చలేదు. గుండమనాయుడు పోకపోతే మీకు ఈ కోట లేదు. యెల్లన ప్రాణమొడ్డకపోతే రాజ్యానికి నీళ్లు లేవు. నాన్నగారు పోకపోతే ఈ పండగే లేదు. ముగ్గురినీ బతికించాను. తీరా చూస్తే మీకు చోటు మిగల్లేదు."

వీరభూపతి అతన్నే చూస్తూ ఉండి, ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. రాయబారి నవ్వాడు. శాస్త్రి కూడా, మరో దారి లేక, నవ్వాడు.

కొట్టేసినవన్నీ అక్కడే, అప్పుడే తిరిగి రాయమన్నాడు రాజు. పోలమ్మను ముందుకు పిలిచి కూర్చోబెట్టించి, యెల్లన వాక్యం పూర్తిగా చదివించాడు. ఆమె తల ఊపుతూ విన్నది.

"నాన్నగారిది కూడా చదువు," అన్నాడు తర్వాత. "ఏటా ఈ వేళకు నన్ను మంగళస్నానంలో ఉంచేవారు. ఒక్కసారీ వినలేదు."

వల్లభయ్యకు పుస్తకం చూడనక్కర్లేకపోయింది. "తొమ్మిదో రోజు సాయంత్రం ప్రభువులు కళ్లు తెరిచి, 'అబ్బాయి అన్నం తిన్నాడా?' అని అడిగారు. తిన్నాడని చెప్పారు. ఆ తర్వాత మాట్లాడలేదు. దీపాలు పెట్టే వేళకు కాలం చేశారు."

రాజు ముఖంలో నవ్వు పోయింది.

"తిన్నానని ఎవరు చెప్పారు?"

"మా నాన్న, ప్రభూ. మంచం పక్కన కూర్చుని రాసుకుంటున్నది ఆయనే."

"నేను ఆరోజు పొద్దుట్నించీ ఏమీ తినలేదు."

"ఆ సంగతి మా నాన్నకూ తెలుసు."

వీరభూపతి మెడలోని హారం తీసి వల్లభయ్య చేతిలో పెట్టాడు.

"నేను తినలేదన్నది కూడా రాయి," అన్నాడు.