గంజి తాగిన కోటు

అనగనగనగా, ఇనుమును పాయసంలా కరిగించే ఒక ఊళ్ళో ఎర్నాయుడని ఒకాయన ఉండేవాడు. కాలు నా మీద వేసుకుని పడుకో, చెప్తాను. ఆయన పని కొలిమి ముందు. కరిగిన ఇనుము పోస్తుంటే రవ్వలు చిమ్ముతాయి కదా, అందుకని కార్ఖానావాళ్ళు ఆయనకు నిప్పంటుకోని కోటు ఇచ్చారు.

ఒకరోజు ఒక రవ్వ ఎగిరొచ్చి కోటు భుజం మీద కూర్చుంది. "తినడానికేమైనా ఉందా?" అని అడిగింది. "ఏమీ లేదు, పోవమ్మా" అంది కోటు. రవ్వ ఆకలితో నల్లబడి రాలిపోయింది. ఆ తర్వాత ఇంకో రవ్వ ఛాతీ మీద వాలింది. దానికీ అదే జవాబు.

పనయ్యాక ఎర్నాయుడు కొలిమికి దూరంగా వచ్చి, కోటు చల్లారేదాకా ఆగేవాడు. అప్పుడు బొత్తాలు విప్పి, భుజాల మీంచి వెనక్కి జార్చేవాడు. నువ్వు గౌను లాగినట్టు తల మీంచి లాగేవాడు కాదు. మసి లోపలికి పోయేలా మడిచి సంచిలో పెట్టి, చేతి తొడుగులు చివర్న తీసేవాడు. ఇంటికొచ్చి భార్య పైడమ్మతో, "సబ్బు, నీళ్ళు, నీడ. ఇంకేటీ వద్దు" అనేవాడు.

పైడమ్మ బంగారం లాంటి మనిషే గాని, చెప్పిన మాట చెవికెక్కదు. ఎదురింటి చిలకమ్మ ఆరేసిన కోటు చూసి, "ఇదేటి వదినా, మా అన్న కోటు ఆవు నమిలినట్టుంది" అంది. పైడమ్మకు తల కొట్టేసినట్టయింది. అప్పుడేం చేసిందో తెలుసా? అన్నం వార్చిన గంజంతా కోటుకు పట్టించింది. కోటు అట్టముక్కలా నిలబడింది.

"ఏటే, గరగరలాడతంది?" అన్నాడు ఎర్నాయుడు తొడుక్కుంటూ.

"ఎండకి బిగిసింది" అంది పైడమ్మ, ఎటో చూస్తూ.

ఆ రోజు మూడో రవ్వ వచ్చింది. "తినడానికేమైనా ఉందా?" అంది. కోటు పాపం అబద్ధమాడలేకపోయింది. "గంజి ఉంది" అంది. ఇంకేముంది, రవ్వ కోటు చేతి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మంట లేచింది. ఎర్నాయుడు పరిగెత్తలేదు. తొడుగున్న అరచేత్తో మంట అదిమేసి, పక్కకు తప్పుకుని, బొత్తాలు విప్పి కోటు వెనక్కి జార్చేశాడు. చేతి మీద వెంట్రుకలు మాత్రం మాడాయి. కోటంతా గంజి మాడిన వాసన.

సాయంత్రం బనీనుతో ఇంటికొచ్చి, "నాకు పొయ్యాల్సిన గంజి నిప్పుకి పోసినావేటే?" అన్నాడు. పైడమ్మ ఆ చెయ్యి పట్టుకుని వలవలా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "గంజి తాగుతావేటి మరి?" అని అడిగింది. ఇద్దరికీ నవ్వాగలేదు.

ఆ తర్వాత ఎర్నాయుడు కాలిన కోటు ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నాడు. పైడమ్మ దాన్ని ఉత్త సబ్బుతో ఉతికి నీడలో ఆరేసింది. చిలకమ్మ మూతి తిప్పుతూ వచ్చి, "మళ్ళీ ముడతలేనా వదినా?" అంది.

"కోటుకి ముడతలుంటే ఉండనీ వదినా. లోపలున్నోడు సుబ్బరంగా ఉన్నాడు, నాకదే సాలు" అంది పైడమ్మ.

కథ కంచికి,
కోటు కొక్కేనికి,
నిద్ర నీ కంటికి.