గాలిలో పులిజూదం

అనగనగా, కృష్ణ ఒడ్డున, వాన తెరిపివ్వని ఒక కాలంలో, కొండ మీద ఒక బౌద్ధ విహారం. వానాకాలమంతా భిక్షువులు విహారం దాటి పోరాదు. పురుగూ పుట్రా కాలికింద పడి చస్తాయని నియమం. పురుగులు సుఖంగానే ఉన్నాయి. భిక్షువులకే తోచడం లేదు.

ధమ్మిలుడనే భిక్షువుకు మరీ తోచలేదు. సన్యసించక ముందు అతడు పులిజూదంలో ఊరందరినీ ఓడించినవాడు. పక్కన కూర్చునే నాగబోధీ అటువంటివాడే. కాని విహారంలో పటం గీయరాదు, కాయ పట్టరాదు.

"పటం లేకుండా ఆడితే?" అన్నాడు నాగబోధి.

"అది ఆడినట్టే కాదు" అన్నాడు ధమ్మిలుడు, ధర్మమంతా చదివినవాడిలా.

ఆనాటి నుంచి ఇద్దరూ ధ్యానశాలలో కళ్ళు మూసుకుని, పెదవులు మాత్రం కదుపుతూ, మనసులోనే పటం గీసుకుని ఆడసాగారు. నాగబోధివి పులులు. ధమ్మిలుడివి మేకలు.

రోజూ అన్నం గంపతో సిరిదత్త శెట్టి వచ్చేవాడు. శెట్టికి ధ్యానం రాదు. ధ్యానం వచ్చినవాళ్ళను ఇట్టే గుర్తుపట్టగలనని మాత్రం ఆయన నమ్మకం.

ఒకనాడు ధమ్మిలుడు నిట్టూర్చాడు. మేక పోయింది. "లోకుల దుఃఖం చూశారు!" అన్నాడు శెట్టి.

మరొకనాడు చిరునవ్వు నవ్వాడు. పులి కట్టుబడింది. "శాంతి దొరికింది!" అన్నాడు శెట్టి.

ఇంకొకనాడు తొడ చరిచాడు. శెట్టికి వెంటనే ఏమీ తోచలేదు. ఇంటికి పోయి భోంచేశాక తోచింది. "మారుణ్ణి జయించారు!"

మాట ఊరంతా పాకింది. ధమ్మిలుడు నేలకు జానెడెత్తున కూర్చోగా చూసినవాళ్ళు కూడా తయారయ్యారు.

వానాకాలం ముగిసే పున్నమినాడు భిక్షువులకొక ఆచారం ఉంది. ఒక్కొక్కరూ మోకరిల్లి, "నాలో మీరు చూసిన తప్పు, విన్న తప్పు, అనుమానించిన తప్పు ఉంటే చెప్పండి" అని తోటివారిని అడగాలి. ధమ్మిలుడు అడిగాడు. ఎవరూ నోరు విప్పలేదు. నాగబోధి దూలాలు చూస్తూ కూర్చున్నాడు.

బయటికి వస్తే ముంగిట్లో జనం. ముందు నాకమ్మ, పడవవాడి భార్య. ఆ ఏడే అతణ్ణి ఏరు మింగింది.

"స్వామీ, కళ్ళు మూస్తే నీళ్ళే కనబడుతున్నాయి. నిద్ర లేదు. మూసిన కళ్ళలో మీరేం చూస్తారో నాకూ నేర్పండి" అంది.

"అమ్మా, నేను చూసేది మేకల్ని. పులిజూదం ఆడుతున్నాను" అన్నాడు ధమ్మిలుడు.

"ఆహా, ఏం వినయం!" అన్నాడు శెట్టి. జనం చేతులు జోడించారు.

"వినయం కాదు శెట్టిగారూ, నిజం."

"గొప్పవాళ్ళు ఇట్లాగే అంటారు!"

నిజం చెప్పినకొద్దీ ధమ్మిలుడు గొప్పవాడవుతున్నాడు. నాకమ్మ చేతులు దించలేదు. ఈమె ఇంటికి పోయి, కళ్ళు మూసి, మళ్ళీ నీళ్ళే చూసి, తప్పు తనదేననుకుంటుంది. అది అతనికి తెలిసిపోయింది.

అతడు వెనక్కి తిరిగి తాపీగా అన్నాడు: "నాగబోధీ, నీ ఆఖరి పులి కట్టుబడింది. ఆట నాదే."

"ఎక్కడ కట్టుబడింది?" నాగబోధి ఒక్క గెంతులో ముందుకొచ్చాడు. "కుడివైపు దారి ఖాళీగా లేదూ? నిన్న నేను కునుకు తీసినప్పుడు మేకను జరిపావా?"

జోడించిన చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. శెట్టి తన ఖాళీ గంపలోకి చూసుకున్నాడు.

లోపలి నుంచి విహారానికి పెద్ద అయిన ముసలి మహాథేరుడు అన్నాడు: "గాలిలో పటం గీసి ఆడే ఆటనూ తథాగతుడు వద్దన్నాడు. భిక్షువుల సంగతి ఆయనకు తెలుసు."

"అయితే మీకూ రాదన్నమాట" అంది నాకమ్మ ధమ్మిలుడితో.

"రాదమ్మా."

"మరి ఎవరికొచ్చు?"

ధమ్మిలుడు మహాథేరుణ్ణి చూపించాడు. "వానాకాలమంతా ఆయన నిట్టూర్చలేదు, నవ్వలేదు, తొడ చరవలేదు. అందుకే ఎవరూ చూడలేదు."

నాకమ్మ ఆ ముసలాయన ఎదుట కూర్చుంది. ఆమె వెనుక ధమ్మిలుడు కూర్చున్నాడు, కొత్తగా చేరినవాడిలా. కొన్నాళ్ళకు నాకమ్మకు నిద్ర పట్టింది. ధమ్మిలుడికి ఇంకా మేకలే కనబడుతున్నాయట. కాని ఎవరైనా అడిగితే మేకలనే చెబుతాడు.

తనకు రానిది రాదని చెప్పగలిగినవాడే, వచ్చినవారి దగ్గరికి దారి చూపగలడు.