దొరగారి కత్తెర జత

రండర్రా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఒరే, చాప కొస మీంచి లే, చెల్లికి చోటియ్యి. మధ్యమధ్యలో ఊ కొట్టాలి మరి.

అనగనగా దొరలు ఏలే రోజుల్లో, ఒక ఊళ్ళో అప్పలకొండ అని ఓ దర్జీ. ఆయన కోడలు నూకాలు. ఆ ఊరి బంగళాలో ఉండే దొర, తన కత్తెర మొద్దుబారితే, సాన పట్టమని ఇంగ్లీషు చీటీతో సహా అప్పలకొండకి పంపించాడు. అప్పలకొండ పదును పెట్టి, తళతళలాడేలా తుడిచి, బంగళాకి పట్టుకెళ్ళాడు.

దొర ఊళ్ళో లేడు. దొర ఇంగ్లీషుని మనకి తెలుగులో చెప్పే దుబాసీ కామరాజు పంతులున్నాడు. చీటీ చదివి, ఇందులో కత్తెరలు, జత అని ఉంది, రెండోదేదీ అన్నాడు. ఇచ్చింది ఒక్కటే బాబూ అని ముసలాయన నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. దొర కాగితం అబద్ధమాడుతుందా అన్నాడు పంతులు. దొర వచ్చి జైలుకి పంపేదాకా ఉండమని బంగళా సామాన్ల కొట్లో పెట్టి తాళం వేయించాడు. ఊ కొడుతున్నారా?

ఇంట్లో పొయ్యి వెలగలేదు. అత్త ఏడుస్తూ కూర్చుంది. నూకాలు మాత్రం కుట్టాల్సిన మూట విప్పింది. అందులో దొర పంపిన గుడ్డా, దానికి గుచ్చిన చీటీ కనిపించాయి. పంతులు చేత చదివించింది. లాగులు, జత అన్నాడు. గుడ్డ ఒక్క లాగుకే వస్తుందండీ అంది. రాసినట్టు కుట్టు, నీ తెలివి ఎవరడిగారు అన్నాడు.

సరే, రాసినట్టే కుట్టింది. కుడికాలు వేరే, ఎడమకాలు వేరే, కాలికో బొందు. మధ్యలో అతుకు లేదు.

మర్నాడు దొర దిగాడు. నూకాలు బంగళాకి పట్టుకెళ్ళిన లాగులో ఒక కాలు విప్పి చూశాడు, రెండో కాలు విప్పి చూశాడు, మొహం కందగడ్డయింది.

"మీరు రాసిన జతే దొరగారూ," అంది నూకాలు. "ఒక్క లాగుని జత అన్నారు. ఒక్క కత్తెరనీ అలాగే అన్నారేమో. రెండో కత్తెర లేదని మా మామ కొట్లో ఉన్నాడు."

దొర కత్తెర తెప్పించి తెరిచాడు, మూశాడు. రెండు రేకులు, మధ్యలో ఒకటే మేకు. రెండు రేకులుంటే మా భాషలో జత అనే అంటాం, వస్తువు మాత్రం ఒకటేనని వచ్చీరాని తెలుగులో చెప్పి, పడీపడీ నవ్వాడు. పంతులింకా నమ్మలేదు. ఒక్కదాన్ని జత అనే భాష ఎక్కడైనా ఉంటుందా అని గొణిగాడు.

"మీ ముక్కు మీదున్నది కళ్ళజోడే కదా పంతులుగారూ," అంది నూకాలు. "రెండోదేదండీ?"

పంతులు కళ్ళజోడు తీశాడు, చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. తనే పరిగెత్తి తాళం తీసి, అప్పలకొండ చేతులు పట్టుకుని క్షమించమన్నాడు. నూకాలు లాగు అతికిచ్చి, మామని వెంటబెట్టుకుని ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది.

అందుకని, తెలియని భాషలో మాట ఎదురైతే, ముందు వస్తువుని చేతిలోకి తీసుకుని చూడాలమ్మా. తరవాతే ఎవరినైనా దొంగ అనాలో వద్దో.

కథ తన ఊరు తను వెళ్ళింది. మీరూ లేవండి, అమ్మ అన్నం కలుపుకుని కూర్చునుంటుంది. పప్పు చల్లారిపోకముందే వెళ్ళి తినండి.