సోలలో మొలిచిన పుదీనా

అనగనగా ఒక ఊళ్ళో, ఒక ఇరుకు సందులో, మేడ మీది వాటాలో ఒక అత్తా కోడలూ ఉండేవాళ్ళు. అత్త పేరు సుభద్రాయమ్మ. కోడలు పేరు నీరజాక్షి. కొడుకు సంగతి అడక్కు, వాడు పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం.

సుభద్రాయమ్మకి చదువు రాదు. సంతకం మాత్రం వచ్చు, అదీ మెల్లగా. అయితేనేం, వంటింట్లో ఏ గిన్నె ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేది. బోర్లించిన చోటు వేలెడు అటూ ఇటూ అయినా ఊరుకునేది కాదు. అలా ఉండాలి మరి. ఇప్పటి వాళ్ళకి ఎక్కడుంది ఆ పద్ధతి? సరే, ఊ కొట్టు.

ఒకరోజు బియ్యం కొలుద్దామని చూస్తే ఇత్తడి సోల లేదు.

"అమ్మాయ్, సోల ఏదే?"

"ఏమో అత్తయ్యా, మీరే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటారు," అంది కోడలు, తలెత్తకుండా.

అప్పుడు సుభద్రాయమ్మ గ్లాసుతో కొలిచింది. అన్నం ముద్దయి కూచుంది.

ఆ తర్వాత రెండు రోజులకి చారు కాచే సత్తు గిన్నె లేదు. అడిగితే మళ్ళీ అదే మాట. స్టీలు గిన్నెలో కాచింది. అది చారూ కాదు, వేణ్ణీళ్ళూ కాదు.

ఇంక ఆవిడకి అంతా అయోమయం. గూట్లో చెయ్యి పెట్టేది, ఎందుకు పెట్టిందో తెలిసేది కాదు. ఉప్పు వేశానా? వేశాను. వేశానా? ఇంకోసారి వేసేది. ఇవాళ బుధవారమా, గురువారమా అని పాలవాణ్ణి అడిగింది. వాడు నవ్వాడు. చూడు, ఎంత పొగరో!

అసలు భయం వేరే ఉంది. ఆవిడ అత్తగారు కూడా ఒకప్పుడు ఇలాగే గిన్నెలు వెతుక్కోవడంతో మొదలుపెట్టి, చివరికి సొంత కొడుకునే "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగింది. నాకూ అంతేనా అని సుభద్రాయమ్మ గుండెల్లో రాయి పడింది. ఎవరితోనూ అనలేదు. ఎలా అంటుంది?

ఆ తర్వాత ముచ్చటగా మూడోది, మంచినీళ్ళ చెంబు పోయింది.

అప్పుడు ఆవిడకి ఎదురింటి వకుళమ్మ గుర్తొచ్చింది. మూడేళ్ళుగా వాళ్ళకి మాటల్లేవు. "మీ ఆవకాయలో ఉప్పు పిసరు ఎక్కువైంది" అందిలే ఆ మహాతల్లి. మతి పోయిందనుకోవడం కంటే దొంగ ఉందనుకోవడమే నయం కదా! కొంగు దోపుకుని నేరుగా వెళ్ళింది.

"నా చెంబు ఇస్తావా, ఇవ్వవా?"

"మూడేళ్ళకి గడప తొక్కి అడిగేది చెంబా వదినగారూ? కాఫీ అయినా తాగకుండా?"

"నీ కాఫీ ఎవరిక్కావాలి?"

అప్పుడు వకుళమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని తన కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. "అదుగో, మీ కోడలి గది కిటికీ. వారం నుంచి చూస్తున్నా. చెంబులో మనీప్లాంటు, సత్తు గిన్నెలో వామాకు, సోలలో పుదీనా. ముద్దొస్తున్నాయి. మీ ఇంట్లోవి మీకు తెలీదా?"

ఎలా తెలుస్తుంది? కొడుకూ కోడలి గది గడప సుభద్రాయమ్మ ఏనాడూ దాటలేదు. అది ఆవిడ పెట్టుకున్న నియమం.

ఆవిడకి కోపం రాలేదు. అక్కడే చతికిలబడింది. "అయితే నా బుర్ర బాగానే ఉందంటావా?" అంది చిన్న గొంతుతో.

"మీ బుర్రకేం? మూడేళ్ళ నాటి ఉప్పు మాట ఇంకా మోస్తున్నారుగా!"

ఆ తర్వాత ఇంటికొచ్చి, గది బయటే నిలబడి కోడల్ని పిలిచింది.

"అడిగితే ఇవ్వరనుకున్నాను అత్తయ్యా," అంది నీరజాక్షి. "సొట్టలు పడ్డ పాతవే కదా, అటకెక్కేవే కదా అని..."

"అడిగినా ఇవ్వను. అది వేరే సంగతి. మర్చిపోయారని ఎందుకన్నావే?"

కోడలు గబగబా వెళ్ళి పుదీనా పీకబోయింది.

"ఆగు! మొక్కేం చేసింది? చెంబూ గిన్నే నువ్వే ఉంచుకో. సోలలోది మాత్రం మెల్లిగా వేరేదాంట్లోకి మార్చి, తోమి ఇవ్వు. ముందు ఇటొచ్చి నిలబడు. నాకేం గుర్తుందో ఒకసారి చూసుకోవాలి."

అప్పుడు సుభద్రాయమ్మ మొదలుపెట్టింది. పెళ్ళినాడు నీరజాక్షి మేనమామ గారెలు చల్లారాయన్న దగ్గర్నుంచి. మొదటి దసరాకి కోడలి పుట్టింటివాళ్ళు అంచు లేని చీర పెట్టడం. శుక్రవారం పూట తల్లికి ఒంట్లో బాగాలేదని చెప్పాపెట్టకుండా పుట్టింటికెళ్ళడం. పదకొండేళ్ళవి, వారంతో సహా, వరసగా. ఒక్కోదానికీ కోడలు "అవునత్తయ్యా" అంటూ తలూపింది. ముందు భయంగా ఊపింది. ఆ తర్వాత సగంలో ఎందుకో కళ్ళు తుడుచుకుంది.

"ఏదైనా వదిలేశానా?" అంది సుభద్రాయమ్మ.

"ఒక్కటీ వదల్లేదు అత్తయ్యా. ఇవాళ్టిది కూడా కలుపుకోండి."

"అది ఎప్పుడో కలిపేశాను," అంది సుభద్రాయమ్మ, హాయిగా.

కథ కంచి దారి పట్టింది,
కునుకు కంటి గడప తొక్కింది.
ఇంక కబుర్లాడితే ఊరుకోను,
పడుకో తల్లీ, నేనూ పడుకుంటాను.