చేసినవాడిదే మొదటి ఎకసెక్కెం

ఏదైనా అడిగితే సూటిగా సమాధానం చెప్పే అలవాటు మా గురువుగారికి లేదు. ఆయన పేరు మృత్యుంజయుడుగారు. ఆ పేరు పెట్టుకుని వైద్యం చెయ్యాలంటే కాస్త ధైర్యం కావాలి, ఆయనకు ఉండేది. కృష్ణ ఒడ్డున ఒక పెంకుటింట్లో ఆయన నడిపిన వైద్యశాలలో మేము కొందరం చేరి ఆయుర్వేద మందుల తయారీ నేర్చుకునేవాళ్ళం. మేము ప్రశ్న వేస్తే ఆయన ముక్కుపొడుం పీల్చుకుని, ఎప్పుడో ఎక్కడో ఎవరో చేసిన సంగతి ఒకటి మొదలుపెట్టేవారు. అది విన్నాక అసలు అడిగిందేమిటో మాకే గుర్తుండేది కాదు. గుర్తొచ్చేసరికి ఆయన లేచి వెళ్ళిపోయి ఉండేవారు. నాకు చాలాసార్లు ఒళ్ళు మండేది. అబద్ధమెందుకు, కొన్నిటికి ఇప్పటికీ మండుతుంది.

ఒక మధ్యాహ్నం వామనమూర్తి ఆయన దగ్గరికి ఒక ప్రశ్న పట్టుకొచ్చాడు. వామనమూర్తి శిష్యులందరిలోకీ పెద్దవాడు, మందులగది బాధ్యతంతా గురువుగారు అతనికే అప్పగించారు. శుచీ శుభ్రం, కొలతా, సెగా, ఎందులోనూ వంక పెట్టడానికి ఉండేది కాదు. మాలో ఎవరి చేతిలోనైనా ఏదో ఒకటి మాడిపోతుండేది. అతని చేతిలో ఒక్కటైనా చెడిందని మేమెప్పుడూ వినలేదు. ఆ ముందురోజే మాలో ఒకడు జుట్టు పెరగడానికి రాసే తైలం మాడ్చిపెట్టాడు. మేము ఊరుకుంటామా? "ఇది రాసుకుంటే కొత్త జుట్టు సంగతి దేవుడెరుగు, ఉన్నది కూడా సిగ్గుపడి వెళ్ళిపోతుంది" అన్నాడు మాడ్చినవాడే. "గురువుగారి మీద పరీక్ష చేసే ఉంటావు" అన్నాడు ఇంకొకడు. గురువుగారిది నున్నటి బట్టతల. ఆయన కూడా నవ్వారు. వామనమూర్తి మాత్రం ముఖం ముడుచుకుని అక్కణ్ణుంచి వెళ్ళిపోయాడు.

"గురువుగారూ, ఇది రోగులు వచ్చే చోటు" అన్నాడు ఇప్పుడు. "మందు చెడితే సిగ్గుపడాలి గాని చుట్టూ చేరి వేళాకోళమాడుకోవడమేమిటి? మందులగదిలో ఇకమీదట నవ్వు వినపడకూడదని మీరు ఒక్క మాట అనండి, చాలు. ఇలా నవ్వుకునే చోట విద్య నిలుస్తుందా?"

న్యాయంగా చెప్పాలంటే ప్రశ్న బాగానే ఉంది. కానీ ఆయన సరేనంటే రోజంతా ఆ గదిలో ఎలా గడుస్తుందా అని నాకు దిగులేసింది. గురువుగారు సరేననలేదు, కాదనలేదు. పొడుం పీల్చుకుని, "మా ఊరి కొలిమి సంగతి మీకు చెప్పానా?" అన్నారు. చెప్పలేదు.

గురువుగారు పుట్టిన ఊళ్ళో కమ్మరులంతా ఒకే కొలిమి దగ్గర పనిచేసేవారట. అక్కడి పెద్దాయన బతికున్నన్నాళ్ళూ ఒక ఆనవాయితీ నడిచింది. ఎవరి చేతిలో పని చెడితే వాళ్ళే ఆ చెడిన వస్తువును తెచ్చి పాక దూలానికి వేలాడదియ్యాలి. వేలాడదీసి, దాని మీద మొదటి ఎకసెక్కెం కూడా వాళ్ళే ఆడాలి. ఆ తరవాతే మిగతావాళ్ళు నోరు తెరవాలి. చేసినవాడు అనకముందు ఎవడైనా కిసుక్కుమన్నాడా, పెద్దాయన చేతిలోని పట్టకారు అటు తిరిగేది.

కొడవలి వంపు అటుది ఇటు తిరిగిపోతే, చేసినవాడు దాన్ని దూలానికి తగిలించి, "ఇది పక్కవాడి చేను కోసుకోడానికి" అనేవాడు. గడ్డపార మొన మెత్తబడి వంగిపోతే, "దీంతో పెరుగన్నం కలుపుకోండి, మెతుక్కి దెబ్బ తగలదు" అనేవాడు. గొడ్డలి అంచు పెళుసెక్కి రాలిపోతే, "ఆ చెట్టుకు ఇంకా నూకలున్నాయి, మనమేం చేస్తాం?" అనేవాడు. నాగలి కర్రు కొట్టించుకోడానికి వచ్చిన రైతులు సైతం పని మరిచిపోయి కడుపుబ్బ నవ్వేవారు. నవ్వులన్నీ అయ్యాక పెద్దాయన ఆ వస్తువును కిందికి దించి, ఎక్కడ చెడిందో, ఎందుకు చెడిందో వేలు పెట్టి అందరికీ చూపించి, మళ్ళీ నిప్పుల్లో పెట్టేవాడు. పెద్దాయనకు ఇద్దరు కొడుకులు. అందరికంటే ఎక్కువ పాడుచేసేదీ, అందరికంటే బాగా నవ్వించేదీ చిన్నవాడు. అతని పేరు మౌనాచారి. పేరు పెట్టేటప్పుడు పిల్లవాడి నోరు చూసుకోలేదు కాబోలు అనుకునేవారు ఊళ్ళో.

పెద్దవాడు కంబాచారి. చెయ్యి తిరిగిన పనివాడు, తండ్రిని మించినవాడు. కానీ ఎదటివాళ్ళు నవ్వితే అతనికి చచ్చినంత పనయ్యేది. చిన్నతనంలో ఒకే ఒక్కసారి ఏదో చెడగొట్టి దూలానికి తగిలించి, ఎకసెక్కెం ఆడలేక ఏడ్చి, ఇంటికి పారిపోయాడట. తండ్రి పోయి కొలిమి తన చేతికి రాగానే మొట్టమొదట దూలం ఖాళీ చేయించాడు. "ఇది పనిచేసే చోటు, పగటివేషాలు వేసే చోటు కాదు. నా కొలిమిలో పని చెడదు" అన్నాడు. నిజంగానే ఆనాటినుంచి చెడిన వస్తువు ఒక్కటి కూడా కంటికి కనపడలేదు. కొలిమికి పేరొచ్చింది. పొరుగూళ్ళనుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారు.

"మంచిదేగా, గురువుగారూ" అన్నాడు వామనమూర్తి.

"మంచిదేననుకున్నారు నాయనా, మా ఊరంతా."

మనుషుల చేతులన్నాక పని చెడకుండా ఉంటుందా? పగులు కనిపిస్తే మసీ నూనే కలిపి పూసి, ఆకురాయితో నున్నగా రాసి ఇచ్చేసేవారు. ఎవరి తప్పు వాళ్ళ కడుపులోనే ఉండిపోయేది. పక్కవాడు నిన్న చేసిన పొరపాటే ఇవాళ ఇంకొకడు చేసేవాడు, వాడూ దాచేవాడు. మౌనాచారి సైతం నోరు కట్టేసుకుని పనిచేసుకుపోయేవాడు. పొలంలో కొడవలి విరిగితే కోసేవాడి చెయ్యి మంచిది కాదనేవారు, అక్కడితో సరిపోయేది.

ఒక ఎండాకాలం ఊరి మంచినీళ్ళ బావి పూడిపోయింది. పూడిక తియ్యడానికి ఎల్లమంద అనే అతన్ని పిలిపించారు. ఎన్నో బావుల్లోకి దిగి వచ్చిన మనిషి. గిలక మీదుగా మోకు వేసి, మోకు చివర ఇనప కొక్కెం కట్టి, కొక్కేనికి పలక తగిలిస్తారు. ఆ పలక మీద కూర్చుని అతను లోపలికి దిగాలి. బావి బాగా లోతు, అడుగంతా బండ. కొత్త కొక్కెం కావాలంటే కంబాచారి తానే చేస్తానన్నాడు.

మోకు దూర్చే రింగు దగ్గర అతుకు వెయ్యాలి. తెల్లగా కాగిన రెండు కొసలనూ కలిపి, వేడి జారకముందే కొట్టాలి. కంబాచారి చెయ్యి ఎక్కడో ఒక్క క్షణం తడబడింది. సుత్తి దెబ్బకు చప్పుడు ఖంగుమనలేదు, మొద్దుగా వచ్చింది. అతుకు లోపల పట్టలేదని అతనికి ఆ చప్పుడుతోనే తెలిసిపోయింది. ఆ రోజు మౌనాచారి ఊళ్ళో లేడు. ఎదురుగా సమ్మెట కొడుతున్నవాడు కొత్తవాడు, వాడికి ఆ తేడా తెలియదు. రింగు విరగ్గొట్టి మళ్ళీ మొదలుపెట్టాలంటే, 'నా పని చెడింది' అని నలుగురి ముందూ అనాలి. ఆ మాట ఆ పాకలో ఎవరూ అనకుండా చేసింది తానే. బహుశా పట్టే ఉంటుందిలే అనుకున్నాడు. ఆకురాయి పెట్టాడు, నూనె రాశాడు. కొక్కెం అద్దంలా మెరిసింది. ఊరి పెద్దలు చూసి, ఇంత చక్కటి కొక్కెం ఎక్కడా చూడలేదన్నారు.

మర్నాడు బావి దగ్గర ఊరంతా పోగయింది. ఎల్లమంద గంగమ్మకు దణ్ణం పెట్టుకుని, పలక మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు గట్టు మీద ఉంచి నిలుచున్నాడు. ఎవరో ముసలమ్మ, "భయం వెయ్యదుటయ్యా?" అని అడిగింది.

"కంబాచారి కొక్కెం పట్టుకున్నాక నాకేం భయమమ్మా" అన్నాడు ఎల్లమంద.

కంబాచారి అక్కడే ఉన్నాడు. చెప్పాలనుకున్నాడు. ఇన్నేళ్ళుగా అనని మాట, ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. అటు ఎల్లమంద రెండో కాలు కూడా ఎత్తుతున్నాడు. అప్పుడు కంబాచారి నోటినుంచి, తనకే తెలియకుండా, ఒక మాట వచ్చింది.

"ఎల్లమందా, ఆ కొక్కెం నువ్వు దిగడానికే చేశాను. పైకి రావడానికి వేరే ఏర్పాటు ఏదైనా చూసుకో."

ఊరంతా ఘొల్లుమంది. కంబాచారి హాస్యమాడటం వాళ్ళెప్పుడూ చూడలేదు. ఎల్లమంద కూడా నవ్వాడు. నవ్వనివాడు, ఆ పొద్దునే ఊరికి తిరిగొచ్చిన మౌనాచారి ఒక్కడే. జనాన్ని తోసుకుంటూ వచ్చి ఎల్లమంద జబ్బ పట్టుకుని ఇవతలికి లాగాడు. మోకు విప్పి, కొక్కెం అన్నగారి ముందు పెట్టి, "ఎక్కడ, అన్నయ్యా?" అని అడిగాడు. కంబాచారి వేలుతో రింగు చూపించాడు.

బావిగట్టు బండ మీద పెట్టి మౌనాచారి పూడిక పనికి తెచ్చిన సమ్మెటతో ఒక్క దెబ్బ వేశాడు. రింగు అతుకు దగ్గర నోరు తెరిచింది. లోపలంతా నల్లగా ఉంది, ఇనుము ఎక్కడా కలవలేదు. ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఎల్లమంద గట్టు మీద కూలబడ్డాడు. కంబాచారి అందరి ముందూ చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. తమ్ముడు అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

ఊరిపెద్ద ఒకాయన తేరుకుని, మనిషిని చంపబోయావు కదయ్యా, ఇక ఈ ఊళ్ళో నీ చేత ఎవరూ సూది కూడా చేయించుకోరు అని అందుకున్నాడు. ఎల్లమంద చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. ఎవరో ఇచ్చిన చెంబెడు నీళ్ళూ తాగాడు.

"ఆచారీ, వెళ్ళి ఇంకో కొక్కెం చెయ్యి" అన్నాడు. "నువ్వే చెయ్యాలి. ఇంకెవరు చేసినా నేను దిగను."

"చెడగొట్టినవాడి చేతికేనా మళ్ళీ?" అన్నాడు ఊరిపెద్ద.

"చెప్పినవాడి చేతికి" అన్నాడు ఎల్లమంద.

గురువుగారు అక్కడితో ఆపి, పొడుం డబ్బీ మొలలో దోపుకున్నారు. ఆ మధ్యాహ్నం మాలో కూడా ఎవరూ నవ్వలేదు. "అయితే నవ్వుకోనివ్వమంటారా, గురువుగారూ?" అన్నాడు వామనమూర్తి. ఆ గొంతులో ఇందాకటి బిగువు లేదు.

గురువుగారు కండువా దులుపుకుని లేచారు. ఎప్పటిలా వెళ్ళిపోతారనుకున్నాను. గుమ్మం దగ్గర ఆగారు.

"దాని సంగతి తరవాత చూద్దాం నాయనా. లోపల పొద్దున నువ్వు కాచిన లేహ్యం ఈపాటికి చల్లారి ఉంటుంది. జాడీలకెత్తే ముందు నాతో చెప్పాల్సిందేమైనా ఉందా?"