కొండదారికి బూట్లు

కేదారికి వచ్చిన చిక్కల్లా బూట్లతోనే.

ఉన్న ఇల్లు తమ్ముడికి రాసిచ్చేసి అతను ఆ కొండమీది ఆశ్రమానికి వచ్చాడు. ఒంటిపూట తిండి అలవాటు చేసుకున్నాడు. చలికాలంలో కూడా నేలమీదే పడుకున్నాడు. చివరికి చెప్పులు కూడా మానేశాడు. గురువు నిర్మలానందులు ఇవన్నీ చూశారు. మెచ్చుకోలేదు, వద్దనీ అనలేదు.

ఆ ఆశ్రమంలో జపం కంటే ముఖ్యమైన పని ఒకటుంది. పైనున్న గూడేలకు మోటారుసైకిలు మీద మందులు చేరవెయ్యాలి. ఘాటురోడ్డు దాటాక దారంతా రాళ్ళు, బురద, పొగమంచు. కేదారికి ఆ పని అప్పగిస్తూ గురువు ఒక మాట చెప్పారు.

"బండి నడిపేవాళ్ళ బూట్లు కొనుక్కురా. చీలమండ పైదాకా కప్పేవి. కాలికి హాయిగా ఉండేవి."

కేదారి నవ్వాడు. "అన్నీ వదులుకుని వచ్చినవాణ్ణి గురువుగారూ. ఇప్పుడు నా కాళ్ళకి హాయి ఎందుకండీ?"

"కొనుక్కురా," అన్నారాయన మళ్ళీ.

కేదారి నర్సీపట్నం వెళ్ళాడు. దుకాణంలో ఉన్నవాటన్నిటిలోకీ గట్టివి, బిగుతైనవి ఏరుకున్నాడు. ఇంకో సైజు పెద్దవి చూడమని దుకాణదారు అంటే వద్దన్నాడు. కాళ్ళు కప్పుకోక తప్పదంటే కప్పుకుందాం, అవి సుఖపడకుండా చూసుకుంటే సరి అనుకున్నాడు.

తిరిగొచ్చాక గురువు అతని బూటు కొన మీద బొటనవేలితో నొక్కి చూశారు.

"కొరుకుతున్నాయా?"

"కొరుకుతున్నాయండీ," అన్నాడు కేదారి. ఆ గొంతులో కాస్త గర్వం ఉంది.

"మార్చుకురా."

అతను మార్చలేదు. రేపు, ఎల్లుండి అంటూ ఉండగానే గురువు మందుల కోసం కిందికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ మధ్యాహ్నమే బూరుగుపాకల గూడెం నుంచి కబురొచ్చింది. వంతల చిన్నమ్మి అనే ఆవిడ కూతురికి మలేరియా జ్వరం. పిల్ల కళ్ళు తేలేస్తోందట. గూడేలు చూసే నర్సమ్మ ఫోనులో చెప్పిన మందులు ఆశ్రమం అలమారులోంచి తీసి సంచిలో వేసుకుని కేదారి బండి తీశాడు.

ఘాటు సగం ఎక్కేసరికే వేళ్ళు తిమ్మిరెక్కాయి. చీలమండ దగ్గర బూటు వంగడం లేదు. గేరు కాలికింద ఉందో లేదో తెలియడం లేదు. ఒక ఎత్తు దగ్గర గేరు తప్పి, బండి వెనక్కి జారి, లోయ అంచున ఆగింది. కేదారి దిగి, పళ్ళు బిగించి బూట్లు లాగేశాడు. రెండింటి తాళ్ళూ కలిపి ముడేసి హ్యాండిలుకి తగిలించాడు. చల్లటి ఇనుము మీద వట్టి పాదం పెట్టగానే ప్రాణం లేచొచ్చినట్టయింది. చూశారా, ఇవేమీ అక్కర్లేదు అని మనసులోనే గురువుతో అనుకున్నాడు.

ఆ పైన మంచు దిగింది.

దిగడమంటే మామూలుగా కాదు. ముందు చక్రం కనబడటం మానేసింది. దీపం వేస్తే తెల్లటి గోడకి కొట్టుకుని వెలుగు వెనక్కి వచ్చింది. పిట్టల అరుపులు ఆగిపోయాయి. మొదటి గేరులో, నడిచేవాడి వేగంతో, కేదారి రాళ్ళమలుపు తిరిగాడు.

"మందు అందిందా?"

ఎడమపక్క నుంచి, చెవికి దగ్గరగా వినిపించింది. చూస్తే ఎవరో మనిషి, బండి పక్కనే నడుస్తున్నాడు. మొహం మంచులో కలిసిపోయింది. భుజం, వేలాడుతున్న చెయ్యి మాత్రం తెలుస్తున్నాయి.

"తీసుకెళ్తున్నాను," అన్నాడు కేదారి. గూడెం మనిషి అనుకున్నాడు. "ఎక్కుతారా?"

కాసేపటికి మళ్ళీ అదే గొంతు. "మందు అందిందా?"

కేదారి బండి కొంచెం జోరు చేశాడు. మనిషి వెనకపడలేదు. నెమ్మది చేశాడు. ముందుకీ పోలేదు. అప్పుడు గమనించాడు. తన చక్రాల కింద గులకరాళ్ళు నలుగుతున్నాయి, బురద చప్పుడు చేస్తోంది. పక్కన నడిచేవాడి అడుగులు మాత్రం వినబడటం లేదు.

చూడకూడదనుకుంటూనే కిందికి చూశాడు.

వట్టి పాదాలు. ఒకటి సరిగ్గానే ఉంది. రెండోది చీలమండ దగ్గర తిరిగిపోయి, వేళ్ళు వెనక్కి ఉన్నాయి. ఆ మనిషి దానిమీదే బరువు వేసి నడుస్తున్నాడు. నొప్పి ఉన్నట్టు లేదు. తొందర మాత్రం ఉంది.

కేదారి ఆ తర్వాత పక్కకి చూడలేదు. గూడెం కుక్కలు మొరిగేదాకా ఆ గొంతు అడుగుతూనే ఉంది.

చిన్నమ్మి గుమ్మంలోనే నిలబడి ఉంది. అతని మొహం చూడలేదు, ముందు కాళ్ళు చూసింది. సంచి లాక్కుని లోపలికి పోయింది.

పిల్లకి మందు పట్టారు. చాలాసేపటికి ఒళ్ళు చెమట పట్టి, నీళ్ళు కావాలంది. అప్పుడు చిన్నమ్మి బయటికొచ్చి, నిప్పుల దగ్గర కూర్చున్న కేదారికి ఎదురుగా కూర్చుంది.

"దారిలో అడిగినాడా?"

కేదారి తలూపాడు. "ఎవరమ్మా అతను?"

"మీ ఆశ్రమం బాబే. తవిటయ్య. నీలాగే, కాళ్ళకి ఏమీ ఏసుకునేవాడు కాదు. అడిగితే, ఈ ఒళ్ళు ఎంతమ్మా అనేవాడు." ఆమె నిప్పులు ఎగదోసింది. "ఆ రాళ్ళమలుపులో బండి కాలిమీద పడింది. చీలమండ నుజ్జయిపోయింది. నిలబడలేడు గదా. మందుసంచి మెడకి తగిలించుకుని పాక్కుంటా వచ్చినాడు. తెల్లారినాక అదిగో, ఆ గట్టు దగ్గర దొరికినాడు. సంచి తడవకుండా గుండెకింద పెట్టుకున్నాడు."

"బతికాడా?"

"లేదు. నా పెద్దోడూ బతకలేదు. ఆ మందు ఆడికే."

కేదారి పాదాలు దగ్గరికి లాక్కున్నాడు.

"మంచు దిగినప్పుడల్లా గుమ్మం దాకా వచ్చి అడుగుతాడు," అంది చిన్నమ్మి. "నేను పలకను. ఏమని చెప్పమంటావు బాబూ?"

పొద్దున మంచు విడిచాక కేదారి కొండ దిగాడు. గురువు అప్పటికే తిరిగొచ్చి వసారాలో కూర్చుని ఉన్నారు. హ్యాండిలుకి వేలాడుతున్న బూట్లు చూశారు. గీరుకుపోయిన అతని పాదాలు చూశారు.

"పిల్ల ఎలా ఉంది?"

"కోలుకుంటోందండీ." కేదారి బండికి స్టాండు వేశాడు. "దారిలో ఒకాయన కనిపించారు."

గురువు కళ్ళు మూసుకున్నారు. "నడుస్తున్నాడా ఇంకా?"

"నడుస్తున్నారండీ."

ఆయన లేచి, పైకండువా వేసుకుని, బండి వెనక కూర్చున్నారు. ఇద్దరూ నర్సీపట్నం వెళ్ళారు.

దుకాణం చేరేసరికి పన్నెండు దాటింది. గురువు లోపలికి పోలేదు. "సాయంత్రం దాకా ఆగుదాం. తిరిగి తిరిగి కాళ్ళు కాస్త ఉబ్బాక కొలిస్తేనే సరైన సైజు తెలుస్తుంది," అన్నారు. బజారంతా అతన్ని నడిపించారు. ఆకాశం మబ్బేసింది గానీ వాన పడలేదు. వీధి పొడిగానే ఉంది.

సాయంత్రం గురువు ఒక్కో బూటూ చేతిలోకి తీసుకుని చూశారు. ఒకటి మెత్తగా, దూదిలా ఉంది. చీలమండ దగ్గర నొక్కితే వేలు లోపలికి దిగింది. పక్కన పెట్టేశారు. ఇంకోటి రాయిలా ఉంది, వంచితే వంగలేదు. అదీ పెట్టేశారు. మూడోది చీలమండకి రెండువైపులా గట్టిగా ఉంది, పాదం దగ్గర వంగుతోంది. తాళ్ళు గేరుకి చిక్కుకోకుండా పైన మూత ఉంది. దుకాణదారుని చెంబుతో నీళ్ళడిగి, గచ్చు తడిపి, దానిమీద బూటు అడుగు రుద్ది చూశారు. జారలేదు.

"కూర్చో," అన్నారు కేదారితో.

కేదారి బల్లమీద కూర్చున్నాడు. దుకాణదారు మేజోళ్ళు తీసుకొస్తూ వీధిగుమ్మం వైపు చూసి ఆగాడు.

"ఆ బయట నిలబడినాయన మీతో వచ్చారాండీ? కాళ్ళు బాగా తడిసిపోయి ఉన్నాయి. లోపలికి రమ్మనండి."

కేదారి గిర్రున తిరిగాడు. గుమ్మంలో ఎవరూ లేరు. మెట్టు మీద మాత్రం ఎర్రటి బురదనీళ్ళు రెండు మడుగులుగా నిలిచి ఉన్నాయి.

గురువు తల తిప్పలేదు.

"ముందు ఇతనికి తొడగనియ్యండి," అన్నారు.

అని, బూటు పట్టుకుని, ఆ తడిగచ్చు మీద మోకాళ్ళు ఆనించి కూర్చున్నారు. కేదారి కుడిపాదం తన ఒళ్ళోకి తీసుకున్నారు. పైకండువాతో మట్టి తుడిచారు, వేళ్ళసందుల్లో కూడా.

కేదారి పాదం వెనక్కి లాక్కోబోయాడు.

"గురువుగారూ! మీరు నా కాళ్ళు పట్టుకోవడమేమిటండీ?"

ఆ ముసలి చేతులు చీలమండని గట్టిగా పట్టుకున్నాయి. ఆయన తలెత్తకుండానే అన్నారు:

"ఇవి నీ కాళ్ళని నీకెవరు చెప్పారు?"